తగ్గించిన మందు, తప్పని గురి



ఎల్.బి. నగర్ కూడలికి అనతిదూరమున, కర్మన్‌ఘాట్ క్షేత్రమున వెలసిన ఆంజనేయుడు ధ్యానాంజనేయుడు. గద ఎత్తి నిలిచిన వీరమూర్తి కాడు, సంజీవనిని మోయుచున్న మూర్తియు కాడు. సముద్రమును లంఘించిన బలమంతయు లోనికి ముడుచుకొని ధ్యానమగ్నుడై కూర్చున్న స్వామి. 12వ శతాబ్దమున వేటకు వచ్చిన ఒక కాకతీయ ప్రభువు చెట్టునీడను విశ్రమించియుండగా రామనామధ్వని వినవచ్చెననియు, వెదకగా ఈ శిలామూర్తి కానవచ్చెననియు స్థలపురాణము. తరువాతి కథ భాగ్యనగర వాసులలో ఎరుగనివారు అరుదు. ఔరంగజేబు సైన్యము ఆలయమును సమీపింపజాలక నిలిచిపోగా, పాదుషాయే స్వయముగా గునపము చేబూని ద్వారము చెంతకు వచ్చెనట. అంతట పిడుగువంటి గర్జన వినబడెను. వణకిన చేతినుండి గునపము జారిపడెను. ఆలయమును కూల్చదలచినచో ముందు మనస్సును గట్టిపరచుకొమ్మని అశరీరవాణి పలికిన హిందీ మాటలే ‘కర్మన్‌ఘాట్’ అయినవని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను కొత్తపేట నివాసియైన ఒక విశ్రాంత సంస్కృత పంతులుగారు తమ ఉద్యోగకాలమున ఎన్ని పర్యాయములు విద్యార్థులకు చెప్పిరో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారియు అది స్వామి మహిమను గూర్చిన కథయే. గునపము జారిన ఆ చేతిని గూర్చి వారు తొలిసారిగా ఆలోచించినది డెబ్బదియవ యేట, అమెరికాలో, తుపాకులు పేల్చు ఒక మైదానమున.

మందుగుండు అనిన పంతులుగారికి గల జుగుప్స శాస్త్రములనుండి మాత్రమే వచ్చినది కాదు. 2013 ఫిబ్రవరి 21, గురువారము. సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా మందిరమున దర్శనము చేసికొని, బస్సుకై రహదారి వెంట నడచుచుండగా, సైకిళ్ళకు కట్టియుంచిన రెండు బాంబులు కొద్ది వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి ప్రేలినవి. చదువుకొనుటకు జిల్లాలనుండి వచ్చిన పిల్లలు, ఇంటికి కూరలు కొనిపోవు గృహస్థులు, నిత్యము చూచు ముఖములే ఆ రహదారిపై పడియుండిరి. పంతులుగారు కొంత దూరమున ఉండిరి గనుక శరీరమునకు గాయము కాలేదు. ఎడమచెవి మాత్రము ఆనాటినుండి మందగించినది. అది మొదలు దీపావళినాడు కిటికీలన్నియు మూయించి పూజామందిరమున కూర్చుండెడివారు. మరియొక మార్పును ఇంటివారు గమనించిరి గాని పంతులుగారు గమనింపలేదు. తన మాట తనకు వినబడనివాడు బిగ్గరగా మాటలాడును. అసలే గంభీరమైన ఆ కంఠము మరింత పెరిగినది.

కుమారుడు టెక్సాస్ రాష్ట్రమున, డాలస్ నగర పరిసరములలోని ఫ్రిస్కోలో ఉద్యోగి. అచ్చట కార్యసిద్ధి హనుమాన్ దేవాలయము కలదు. కుటుంబము ప్రతి శనివారమును దర్శించుకొనును. ఆ విషయము విని పంతులుగారు ఎంతయో సంతోషించియుండిరి. ఒకనాడు వీడియో కాల్‌లో మనుమరాలు, ఏడేండ్ల పిల్ల, ఉత్సాహముగా ఇట్లనెను: “తాతయ్యా, నాన్న గరాజులో బుల్లెట్లు చేస్తున్నాడు.”

అటుపిమ్మట జరిగినదానిని సంభాషణ యనరాదు. వేదాధ్యయన పరంపరలో పుట్టినవాడవు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏమి జరిగినదో ఎరిగినవాడవు, నీ చేతులకు ఆ మందు ఎట్లు అంటినదని పంతులుగారు గర్జించిరి. అవతల కుమారుడు ఒక్క మాటయైన పలుకక కన్నులు దించుకొనెను. నాలుగు మాసములు తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవు. తల్లి మాత్రమే మాటలాడుచుండెను. కుశలములు ఆమె ద్వారముననే అటునిటు సాగినవి.

ఇచ్చట ఒక విషయము చెప్పవలెను. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయుట నేరము. కొత్తపేట ఇంటిలో ఎవరైన అట్టి పనికి పూనుకొనినచో అది చెరసాలకు త్రోవ. అమెరికాలో తన సొంత వాడుకకై తూటా కూర్చుకొనుట చట్టసమ్మతమైన వ్యాసంగము. కాల్చిన తూటా ఇత్తడి తొడుగును మరల వాడుకొని, అందు క్రొత్త మందును, క్రొత్త గుండును అమర్చువారు అచ్చట ఎందరో కలరు. కుమారుడు వేటాడువాడు కాడు. కాగితముపై గీచిన వలయములను కాల్చువాడు. ఈ రెండు సంగతులును తెలిసినను పంతులుగారి మనస్సు మెత్తబడలేదు. బిడ్డ చట్టము తప్పలేదన్నది ఊరట కావచ్చును. బిడ్డ చేతిలో ఉన్నదేమి అన్న ప్రశ్నకు అది సమాధానము కాదు గదా.

శరన్నవరాత్రులకు తల్లి పట్టుబట్టి భర్తను ఫ్రిస్కోకు తీసికొనిపోయెను. మూడవనాటి రాత్రి, ఇల్లంతయు నిద్రించిన పిదప, పంతులుగారు మంచినీళ్ళకై లేచి గరాజులో దీపము వెలుగుట చూచి తలుపు తెరచిరి. కోడలు ముందే చెప్పియుండెను: “మామయ్యగారూ, ఆయన ఆ బల్ల దగ్గర ఉన్నప్పుడు మేమెవ్వరం పలకరించం.” పంతులుగారు పలుకరింపలేదు. గుమ్మమున నిలిచి చూచిరి.

బల్లపై చరవాణి లేదు. త్రాగుటకు పానీయము లేదు. సంగీతము లేదు. మందుడబ్బాలు అరలో అనేకము ఉన్నను బల్లపైన ఒక్కటి మాత్రమే ఉండెను. రెండు విధముల మందు ఒకేసారి బల్లపై ఉండరాదన్నది ఆ విద్యలో తప్పరాని నియమము. ఒక లావుపాటి గ్రంథము తెరచియుండెను. కుమారుడు అందులోని అంకెను చూచి, త్రాసును సవరించి, మరల గ్రంథమును చూచి, అప్పుడు గాని మందును తూచుటకు మొదలిడలేదు. తూచిన మందును ఇత్తడి తొడుగులో పోసి, దీపమును దగ్గరకు తెచ్చి లోనికి చూచెను. వరుసలో ఉన్న ప్రతి తొడుగును అట్లే చూచెను. ఒకదానిలో రెండుమార్లు మందు పడినచో ఏమగునో ఎరిగినవాని చూపు అది. యజ్ఞశాలలో స్రుక్స్రువములను అమర్చు అధ్వర్యుని చూపు ఎట్టిదో పంతులుగారు ఎరుగుదురు. ఆ పోలిక తమ మనస్సున మెదలినందుకు వారికి తమపైననే కోపము వచ్చినది.

పని ముగించి కుమారుడు తలయెత్తి తండ్రిని చూచెను. ఆ రాత్రి నాలుగు మాసముల మౌనము తొలగినది. మొదటి ప్రశ్న పంతులుగారిదే.

“ఒకే అంకె రెండుసార్లు చూశావెందుకురా? జ్ఞాపకం ఉండదా?”

“జ్ఞాపకం మీద చెయ్యకూడదు నాన్నగారూ. పుస్తకంలో లేని తూకం వెయ్యకూడదు. అంతే.”

పంతులుగారికి నవ్వు వచ్చినది. పుస్తకము చూచి చదువువానిని పాణినీయ శిక్ష అధమపాఠకులలో లెక్కించినది. ఇచ్చట జ్ఞాపకమును నమ్మువాడే అధముడు. అయినను రెండుచోట్లను ఉన్నది ఒకటే: స్వబుద్ధితో అక్షరమును మార్చుటకు అధికారము లేదు.

ఆ త్రాసు చూపు మానము గ్రెయిన్. ఒక పౌనునకు ఏడువేల గ్రెయిన్లు; ఒక్కొక్కటి సుమారు 65 మిల్లీగ్రాములు. త్రాసు అందులో పదియవవంతును కూడ చూపును. గ్రెయిన్ అనగా గింజయే; పూర్వము యవధాన్యపు గింజను బట్టి ఏర్పడిన తూనిక. యవ మన శాస్త్రములలోను మానమే. మన కంసాలులు బంగారము తూచిన గురివింద గింజ సుమారు రెండు గ్రెయిన్ల తూగును. పంతులుగారు ఈ సంగతి చెప్పగా కుమారుడు ఆశ్చర్యపడి, ఆ రాత్రి మొదటిసారి చిరునవ్వు నవ్వెను.

ఆ వరుసలోని తూటాలు పూర్తి బలము గలవి కావు. ఆ తుపాకికి మామూలు తూటా గుండును సెకనుకు సుమారు 800 మీటర్ల వేగముతో పంపును. కుమారుడు కూర్చినవి 500 మీటర్లకు మించని వేగము గలవి. బలమును కావలెనని తగ్గించుకొనుట ఏమి విద్యయని పంతులుగారు అడిగిరి. దానికి కుమారుడు చెప్పిన సమాధానము ఆ రాత్రి చాలసేపు సాగినది.

గుండు ముందుకు పోవు వేగమును బట్టి తుపాకి వెనుకకు తన్నును. వేగము మూడింట ఒకవంతు తగ్గినచో ఆ తన్నులోని శక్తి మూడింట ఒకవంతు మాత్రమే తగ్గదు. వర్గక్రమమున తగ్గి సగముకంటెను తక్కువకు వచ్చును. మోత తగ్గును. గొట్టము వేడెక్కుట తగ్గును. సీసమును కరగించి పోసిన మెత్తని గుండ్లు అతివేగమున పోయినచో సీసము గొట్టము లోపల అంటుకొని గురిని చెరచును. మెల్లగా పంపినచో ఆ బాధ ఉండదు. నూరేండ్లకు పూర్వమే అమెరికాలోని జర్మను సంతతి గురికాండ్రు 200 గజముల దూరమున ఇట్టి సీసపు గుండ్లను మందగతిని పంపియే అబ్బురమైన గురి సాధించిరి. ఇక ధ్వనివేగమును దాటి బయలుదేరిన గుండు, దారిలో ఆ వేగమునకు దిగువకు జారునపుడు గాలిలో తడబడును. అందుచేతనే చిన్నతూటా పోటీలకై చేసిన మేలిరకము తూటాలు మొదటినుండియు ధ్వనివేగమునకు కొంచెము లోపలనే పోవునట్లు కూర్చబడును. తడబడు అంచును తాకకుండుటయే వాని ఉపాయము.

“అలాగైతే ఇంకా తగ్గించరాదా? చిటికెడు వేస్తే ఇంకా శాంతంగా ఉంటుంది కదా,” అని పంతులుగారు అనిరి.

కుమారుని ముఖము మారెను. “అది మాత్రం వద్దు నాన్నగారూ. ఎక్కువ వేస్తే ఎంత ప్రమాదమో, తక్కువ వేస్తే అంత ప్రమాదం.”

మెల్లగా కాలు స్వభావము గల మందును పెద్ద తొడుగులో మరీ తక్కువగా పోసినచో, అది అడుగున పొరవలె పడియుండి, నిప్పురవ్వ దానిపైనుండి ప్రాకును. అప్పుడు ఒత్తిడి ఎట్లు పెరుగునో ఎవరును ముందుగా చెప్పజాలరు. అట్టి అల్పమాత్రలతో తుపాకులు బ్రద్దలైన ఉదంతములు కలవు. కారణమును గూర్చి నిపుణులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. బ్రద్దలు కాకున్నను, గుండు బయటికి పోవు బలము చాలక గొట్టము నడుమ చిక్కుకొనవచ్చును. అది తెలియక రెండవ తూటా పేల్చినవాని గతి చెప్పనక్కరలేదు. కావున తగ్గించుటకు కూడ గ్రంథము కావలెను, తగ్గించుటకు తగిన మందే కావలెను. తక్కువ వేసితినిగదా అను ధైర్యము అచ్చట పనికిరాదు.

ఆహారవిషయమున గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున రెండు అంచులను నిషేధించినాడు. ఉపవాసముండువారు సాధారణముగా మొదటి అంచునే జ్ఞప్తియందుంచుకొందురు. కొందరు సాధకులు వైరాగ్యమనిన తగ్గించుటయేననియు, ఎంత తగ్గించిన అంత మేలనియు తలతురు. మాట మానిన మౌనమనియు, అన్నము మానిన తపస్సనియు. లోపల మందు స్వభావమేమి, తొడుగు కొలత యేమి అని చూడక చేసిన అట్టి నిగ్రహము ఎన్ని ఇండ్లలో ఏ క్షణమున ప్రేలినదో కుటుంబములు గల ప్రతివారికిని తెలియును. పంతులుగారి నాలుగు మాసముల మౌనము కూడ అట్టిదే. అది శాంతము కాదు. గొట్టములో చిక్కిన గుండు.

ఆదివారమునాడు కుమారుడు తండ్రిని మైదానమునకు పిలిచెను. పంతులుగారు తుపాకిని తాకననియు, వెనుక నిలిచి చూతుననియు చెప్పి బయలుదేరిరి. అచ్చట చెవులకు పెట్టుకొనుటకు కుమారుడు ఒక సాధనమును ఇచ్చెను. అది పెద్దమోతను అణచును. మెల్లని మాటను మాత్రము యంత్రసహాయమున పెంచి వినిపించును. దానిని ధరించిన క్షణమున పంతులుగారు నిశ్చేష్టులైరి. గడ్డిలో గాలి కదలిక, ప్రక్కవాని జోళ్ళ చప్పుడు, కుమారుని ఊపిరి, ఇవన్నియు రెండు చెవులను వినవచ్చినవి. 2013 తరువాత ఎడమవైపునుండి లోకము వారికి అంత స్పష్టముగా ఎన్నడును వినబడలేదు.

కుమారుడు రెండు పెట్టెలు తండ్రి ముందుంచెను. ఒకదానిలో దుకాణమున కొన్న పూర్తిబలపు తూటాలు. రెండవదానిలో తాను కూర్చినవి. ప్రతి పెట్టెలోను ఒక్కొక్క ఉత్తతూటా, మందు గాని నిప్పురవ్వ గాని లేనిది, కలసియుండెను.

“నేను గురి మీదనుంచి కళ్ళు తియ్యను. మీకు తోచిన వరుసలో ఒక్కొక్కటే నా చేతిలో పెట్టండి. ఉత్తది ఎప్పుడొస్తుందో నాకు తెలియకూడదు.”

తాకనని వచ్చిన పంతులుగారు తూటాను తాకిరి. తుపాకిని తాకననుటయే గాని తూటాను తాకననలేదని తరువాత ఇంటివారితో వాదించిరి. న్యాయశాస్త్రము చదివినవారికి అట్టి వెసులుబాటు దొరకకపోదు.

మొదట పూర్తిబలపువి. మూడు ప్రేలినవి. ఒక్కొక్కసారి పంతులుగారి దేహము దిల్‌సుఖ్‌నగర్ రహదారిపై ఉన్నట్లే కంపించెను. నాలుగవది ఉత్తది. ట్రిగ్గర్ టక్కుమన్నది, మోత లేదు, తన్ను లేదు. అయినను తుపాకి మొన జానెడు క్రిందికి వ్రాలెను. కుమారుని భుజము ముందుకు తోసికొని వచ్చెను. కన్నులు గట్టిగా మూతపడెను. ఏ దెబ్బయు తగలకమునుపే, తగులబోవు దెబ్బకు శరీరము చేసిన నమస్కారమది.

పిమ్మట తాను కూర్చినవి. రెండు ప్రేలినవి, మోత మంద్రముగా, తలుపు వేసినట్లు. మూడవది ఉత్తది. టక్కుమన్నది. తుపాకి కదలలేదు. కన్ను తెరచియే ఉండెను.

కాగితములు తెచ్చి చూచిరి. మొదటిదానిలో రంధ్రములు చెదరి, ఎక్కువ భాగము దిగువకు జారియుండెను. రెండవదానిలో అరచేతితో కప్పదగినంత చోటున ఉండెను. తుపాకి అదియే, మనిషి అతడే, దూరము అంతయే.

“మోత వల్ల గురి తప్పదు నాన్నగారూ. మోత వచ్చేసరికి గుండు వెళ్ళిపోయే ఉంటుంది. మోత వస్తుందన్న భయం వల్ల తప్పుతుంది. మందు తగ్గిస్తే తుపాకి బాగుపడడం కొంతే. బాగుపడేది నేను.”

“ఇంత పిరికితనం నీకెక్కడిదిరా? ఎప్పటినుంచి?” అని పంతులుగారు అడిగిరి. ఆ సాధనము చెవులకు ఉన్నందున వారి కంఠము వారికే పెద్దగా వినబడి ఉలికిపడిరి.

కుమారుడు చాలసేపు కాగితమునే చూచెను. పిమ్మట, పూర్వమైనచో పంతులుగారి చెవిని చేరనే చేరనంత మెల్లగా అనెను: “శబ్దమంజరి నుంచి.”

కొత్తపేట ఇల్లు. తెల్లవారుజామున అయిదుగంటలు. చాపపై ఎనిమిదేండ్ల బాలుడు. రామశబ్దము దాటి హరిశబ్దము, గురుశబ్దము. పంతులుగారి చేత చెక్కబద్ద. బాలుడు ప్రథమా, ద్వితీయా విభక్తులు చక్కగా చెప్పి, చతుర్థి చెంత కన్నులు మూసి, కంఠము దించి, తప్పెడివాడు. తెలిసిన రూపమే తప్పెడివాడు. దెబ్బ పడెడిది. తప్పు వచ్చినచోట దెబ్బ పడుచున్నదని పంతులుగారు ముప్పదియైదేండ్లు నమ్మియుండిరి. ఆ ఉత్తతూటా టక్కుమన్న క్షణమున వారికి వేరొకటి కనబడినది. దెబ్బ పడబోవుచోట తప్పు వచ్చుచుండెను.

కర్మన్‌ఘాట్ ద్వారమున పాదుషా చేతినుండి గునపము జారినది బలము లేక కాదు. గర్జనకు చేయి వణకినది. ఆ కథను చెప్పుచునే, తాము ఇంటిలో ఎవరి చేతిని వణికించిరో పంతులుగారు చూచుకొనలేదు. విద్య చెప్పువారిలో ఇట్టివారు అరుదు కారు. కఠినత్వము చదువునకు ముద్రయని ఒక తరము తలచినది. దానివలన పాఠము నిలిచిన పిల్లలు ఉన్నారు, పాఠము విడిచి పారిపోయిన పిల్లలు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. ఈ బాలుడు సంస్కృతము విడిచి కంప్యూటరు చదివెను. ఆ నష్టము పంతులుగారికి ఎల్లవేళల బాధయే. కారణము మాత్రము ఆనాటివరకు కాలప్రభావముపైన మోపబడియుండెను.

శక్తిని వెనుకకు తీసికొనుట మన ఇతిహాసములకు క్రొత్త కాదు. భారతమున బ్రహ్మశిరోస్త్రమును ఇద్దరు ప్రయోగించిరి. ఋషులు అడ్డుపడినపుడు అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామ ఉపసంహరింపజాలక దానిని గర్భస్థశిశువుపైకి మళ్ళించెను. ప్రయోగము ఇద్దరికిని తెలియును. వెనుకకు తీసికొనుట బ్రహ్మచర్యనిష్ఠ గలవానికే సాధ్యమైనది. సుందరకాండలో హనుమ లంకలో ప్రవేశించునపుడు శరీరమును కుదించుకొనెను. సీతమ్మను వెదకుటకు పర్వతాకారము పనికిరాదు. ముండకోపనిషత్తులో ప్రణవము ధనుస్సు, ఆత్మ శరము, బ్రహ్మము లక్ష్యము. అచ్చట వేధించుటకు చెప్పబడిన అర్హత అప్రమాదమే గాని బాహుబలము కాదు. హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో కంచుపతకము పొందినది అసలు మందే లేని తుపాకితో. పది మీటర్ల దూరము, 4.5 మిల్లీమీటర్ల గుండు, గాలి ఒత్తిడి మాత్రమే. గుండు వేగము ధ్వనివేగములో ఇంచుమించు సగము. నడుమ చుక్క అర మిల్లీమీటరు.

అయితే తక్కువ వేగమునకు ఒక ఋణము కలదు. మెల్లగా పోవు గుండు గొట్టములో ఎక్కువసేపు ఉండును. ట్రిగ్గర్ నొక్కితినిగదా అని చేయి సడలించినచో, గుండు ఇంకను లోపలనే ఉండగా తుపాకి కదలును. కావున పూర్తిబలము గల తూటాకంటె అల్పమాత్ర ఎక్కువ స్థిరత్వమును కోరును. పని అయిన తరువాత కూడ ఒక లిప్త అట్లే నిలువవలెను. మెత్తగా మాటలాడుట సులభమని తలచువారు ఈ సంగతిని యోచింపవలెను. కేకవేసి లేచిపోవచ్చును. మెల్లగా చెప్పినవాడు, మాట అవతలివానిని చేరువరకు అచ్చటనే కూర్చుండవలెను.

ఇంతమాత్రమున పంతులుగారు తుపాకిని మెచ్చుకొనిరని తలపరాదు. మందు తగ్గినంత మాత్రమున తూటా అహింసావ్రతము పూనదు. తక్కువ వేగపు గుండు కూడ ప్రాణము తీయును. మహానవమినాడు ఆయుధపూజకు తుపాకిని పీఠముపై ఉంచవచ్చునా అని కుమారుడు అడిగెను. పంతులుగారు కొంతసేపు ఊరకుండిరి. “తుపాకి వద్దు. త్రాసు పెట్టు, ఆ పుస్తకం పెట్టు,” అనిరి. త్రాసునకు కుంకుమ పెట్టి, గ్రంథమునకు పుష్పము సమర్పించిరి. మనుమరాలు తన క్రేయాన్ల పెట్టెను కూడ ప్రక్కన ఉంచెను.

తిరిగివచ్చిన పిదప పంతులుగారు చెవివైద్యుని చూచి యంత్రము అమర్చుకొనిరి. ఇన్నాళ్ళు వద్దని మొండిపట్టు పట్టిన వస్తువది. ఒకనాడు మెట్రోలో మలక్‌పేట నుండి ఎల్.బి. నగర్ వైపు వచ్చుచు మూసారాంబాగ్ స్టేషను పేరు ప్రకటింపబడగా విని, ప్రక్కన కూర్చున్న ఒక కళాశాల విద్యార్థికి ఆ పేరు వెనుకనున్న కథ చెప్పిరి. నిజాము కొలువున ఫిరంగులు పోయించిన ఫ్రెంచి సేనాని రేమాండ్‌ను హిందువులు మూసారామ్ అనియు, ముస్లిములు మూసా రహీమ్ అనియు పిలుచుకొనిరనియు, 1798లో మరణించిన ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టపై నేటికిని కలదనియు చెప్పిరి. ఫిరంగులు పోసినవానిని రాముని పేర తలచుకొనిన ఊరు ఇదియని ఆ బాలునితో అనిరట. అంత మెల్లగా చెప్పిరి గనుక వాడు రెండుమార్లు “ఏమిటండీ?” అని అడుగవలసి వచ్చినది.

ఇప్పుడు సాయంకాలములందు ఇరువురు పిల్లలు కొత్తపేట ఇంటికి శబ్దమంజరికి వచ్చుచున్నారు. చెక్కబద్ద అటకెక్కినది. మొన్న శుక్రవారము చిన్నవాడు హరిశబ్దము చెప్పుచు చతుర్థి చెంత ఆగెను. అలవాటుగా కన్నులు మూసికొనెను. పాఠశాలలో ఎవరు నేర్పిన అలవాటో తెలియదు. పంతులుగారు ఏమియు అనలేదు. కదలలేదు. లోపల ఫ్రిస్కో పిలుపు వచ్చినట్లు ఫోను మ్రోగుచుండెను. భార్య తీసికొని, “పాఠంలో ఉన్నారురా, కాసేపు ఆగు” అనెను. బాలుడు ఒక కన్ను తెరచి పంతులుగారి చేతులవైపు చూచెను. ఆ చేతులు ఒడిలో ఉండెను. రెండవ కన్ను కూడ తెరచి, “హరయే,” అనెను.

“తరువాత?” అనిరి పంతులుగారు.